ద్రాక్షారసం చిరక అయిన ఏడు

మా కరుణమ్మ అత్తయ్య పోయిన తరువాత వచ్చిన మొదటి ఆదివారం, గుడివాడలో మా చర్చిలో బల్లారాధన జరిగింది. ఇప్పుడు ప్రభురాత్రి భోజనానికి ద్రాక్షారసం ఎవరూ ఇంట్లో చెయ్యడం లేదు. బొటనవేలంత ప్లాస్టిక్ కప్పుల్లో, పైన రేకు మూత అంటించి, పెట్టెలకు పెట్టెలు విజయవాడ నుంచి వస్తుంది. మూత పీకి తాగితే తియ్యగా ఉంటుంది. ఏడాది పొడుగునా ఒకటే రుచి. వేడిచేసి గాలి తగలకుండా మూసేసిన రసం పాడవదని నేనే ఏళ్ళ తరబడి కాలేజీలో పాఠం చెప్పాను. ఆ రోజు మాత్రం ఆ కప్పు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. పక్కన కూర్చున్నావిడ, "మూత రావట్లేదాండీ, ఇటివ్వండి" అని తీసిచ్చింది. తాగాను. ఇలాంటి రసం ఆ రోజుల్లోనే ఉండి ఉంటే అత్తయ్య బతుకు ఎలా ఉండేదో అనుకుంటూ కూర్చున్నాను. తరువాత పాస్టరుగారు ఏం చెప్పారో ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

బందరులో మాది పెంకుటిల్లు. సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి తిరిగేసరికి దండెం మీది బట్టలకు కూడా ఉప్పు జిగట పట్టేది. నాన్న లెక్కల మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద. ఆయనకు ఒక్కతే చెల్లెలు, కరుణమ్మ అత్తయ్య. మునిసిపల్ స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేది. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, చీర కుచ్చిళ్ళకు అంటిన సుద్దపొడి దులుపుకుని, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళేది. మా నాయనమ్మ పొద్దున్నే లేచి ముందు ముక్కుపొడుం పీల్చేది, తరువాత ప్రార్థన చేసుకునేది. ఇదేం పద్ధతి అని నాన్న కసురుకుంటే, "నాలుగు తుమ్ములు తుమ్మితేగానీ నా బుర్ర తెరుచుకోదురా. మూసుకుపోయిన బుర్రతో ఆయనతో ఏం మాట్లాడను?" అనేది. మా ఇంట్లో దేవుడితో మాట్లాడటం అంత మామూలు సంగతి. అమ్మ వంకాయలు తరుగుతూ మాట్లాడేది. నాన్న సైకిలు తొక్కుతూ మాట్లాడేవారు. దేవుడు వింటాడనే కాదు, తిరిగి జవాబు చెప్తాడని కూడా అందరూ నమ్మేవాళ్ళు. జవాబు ఏ రూపంలో వస్తుందో కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

చర్చికి ద్రాక్షారసం చెయ్యడం అత్తయ్య వంతు. చిన్నప్పుడు మిషన్ బంగళాలో ఉండే దొరసానమ్మ దగ్గర నేర్చుకుందట. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలవకముందే నాన్న కోనేరు సెంటర్లో నల్లద్రాక్ష గంప కొనుక్కొచ్చేవారు. ఆ రోజు అత్తయ్య తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పళ్ళు కడిగి చాప మీద ఆరబెట్టి, తొడిమలు తీసి, పింగాణీ జాడీలో వేసి చేత్తో పిసికేది. పంచదార, గుప్పెడు గోధుమలు వేసి, జాడీ మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి, చీకటి గదిలో మంచం కింద పెట్టేది. నాలుగు రోజులు పోయాక ఆ గదిలో అడుగుపెడితే తియ్యటి ఘాటు ముక్కుకు తగిలేది. జాడీకి చెవి ఆనిస్తే లోపల సన్నగా బుసబుసమని పొంగుతున్న చప్పుడు వినిపించేది. పొంగు అణిగాక అత్తయ్య దాన్ని వడగట్టి, పొడుగు సీసాల్లో మెడ దాకా నింపి, బిరడా బిగించి, పైన కొవ్వొత్తి కరిగించి మైనం పోసేది. ఎప్పుడూ ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూసేది కాదు. "బల్ల మీదికి వెళ్ళేదాకా అది ఆయనది. మనం రుచి చూడకూడదు" అనేది.

నేను నాలుగో ఐదో చదువుతున్న ఏడు అత్తయ్యకు దివిసీమ నుంచి ఒక సంబంధం వచ్చింది. అప్పటికే ఆవిడకు వయసు దాటిపోతోందని నాయనమ్మ బెంగ పెట్టుకుని ఉంది. అతని పేరు దేవదానం. కోడూరు అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెలో మిషన్ స్కూలు మాస్టారు. భార్య చనిపోయింది. ఒక్కతే కూతురు, చిన్నపిల్ల, పేరు సువార్త. ఆ పిల్లకు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. పెళ్ళిచూపులకు మాస్టారు పిల్లను ఎత్తుకుని వచ్చారు. తరువాత తెలిసి గొడవ అవడం కంటే ముందే చూపించడం మంచిదని అనుకుని ఉంటారు. కూర్చున్న అందరి చూపూ ఆ పిల్ల కాలి మీదే ఉంది. పిల్లకు అది తెలుస్తోంది. గౌను కిందికి లాక్కుంటోంది. అత్తయ్య కాఫీ గ్లాసులు అక్కడ పెట్టి, వచ్చి ఆ పిల్ల ముందు కింద కూర్చుంది.

"నాకో కథ చెప్తావా?"

"నాకు రావు. నువ్వే చెప్పు" అంది సువార్త.

అత్తయ్య చెప్పింది. ఏం కథో నాకు గుర్తు లేదు. పెద్దవాళ్ళు కట్నకానుకల మాటలు ముగించేసరికి ఆ పిల్ల అత్తయ్య భుజం మీద నిద్రపోయింది. మాస్టారు లేచి నిలబడి, ఎలా తీసుకోవాలో తెలియక మొహమాటపడుతూ, "లేపనాండీ?" అని అడిగారు. "వద్దండీ, కాసేపు ఉండనివ్వండి" అంది అత్తయ్య. ఆ కాసేపు ఆఖరి బస్సు దాకా సాగింది. వాళ్ళు వెళ్ళిపోయాక అత్తయ్య తన భుజం మీద పిల్ల చొంగతో తడిసిన చోట చెయ్యి వేసుకుని గుమ్మంలో నిలబడి ఉండటం నేను చూశాను.

ఆ శ్రమదినాలంతా ఇంట్లో సందడి. సున్నాలు వేయించారు. బట్టలు కొన్నారు. అత్తయ్య వంట చేస్తూ పాటలు పాడేది, అంతకుముందు ఆవిడ గొంతు చర్చిలో తప్ప విన్నది లేదు. ఆ ఏడు ద్రాక్ష పలచగా వచ్చింది. వడగట్టాక జాడీలో సగానికే రసం ఉంది. సీసాల్లో రేపు పోద్దాంలే, ఎల్లుండి పోద్దాంలే అని పనుల్లో పడి వాయిదా వేసింది. రసం వాసెన గుడ్డ కింద జాడీలోనే ఉండిపోయింది. పైన సగం జాడీ నిండా గాలి. ఆ రోజుల్లోనే అత్తయ్య ఒక ప్రార్థన చేస్తూ ఉండేదట. "ఈ పెళ్ళి నీ చిత్తం కాకపోతే నాకు తెలిసేలా చెప్పు" అని. ఆ సంగతి తరువాత ఆవిడే చెప్పింది.

ఈస్టరు ముందురోజు అత్తయ్య పిల్లలకు పాటలు నేర్పుతూ చర్చిలోనే ఉంది. నాన్న జాడీని ఉన్నదున్నట్టు రిక్షాలో పెట్టి తీసుకెళ్ళి చర్చి వెనకగదిలో దించారు. మర్నాడు బల్ల దగ్గర పాస్టరుగారు ప్రార్థించి గిన్నె ఎత్తి మొదటి గుక్క తాగారు. ఆయన మొహం ఒక్కసారి ముడుచుకుని మళ్ళీ సర్దుకుంది. మంచి మనిషి, ఏమీ అనకుండా గిన్నె అందించుకుంటూ వచ్చారు. మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తాగి తల దించుకుంటున్నారు. ఎవరో దగ్గారు. అత్తయ్య వంతు వచ్చింది. తాగింది. అందరూ లేచి వెళ్ళినా ఆవిడ లేవలేదు. పక్కన ఉన్న అమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో, సంఘంలో అందరికన్నా ముసలాయన కర్ర మీద వంగి, అందరికీ వినపడేలా అన్నాడు. "సిలువ మీద ఆయన దాహమంటే అందించింది చిరక. తిరిగి లేచిన రోజున మళ్ళీ చిరకే పోశాం. చేసినవి ఏం చేతులోగానీ!"

పుల్లబడ్డ ద్రాక్షారసాన్ని మా తెలుగు బైబిల్లో చిరక అంటారు. ఆ మాట వినని క్రైస్తవుడు ఉండడు. నాన్న, "ఎండలు ముదిరాయండీ, అందుకని..." అని ఏదో అనబోయారు. ఎవరూ వినలేదు. అత్తయ్య అక్కడే ఉంది.

ఇంటికొచ్చాక జాడీలో అడుగున మిగిలినదాన్ని చూసింది. మీద పాలిపోయిన మీగడలాంటి పొర తేలుతోంది. చాలాసేపు చూసి, జాడీని దొడ్లోకి తీసుకెళ్ళి ఒంపేసి వచ్చి నాన్న ముందు నిలబడింది.

"అన్నయ్యా, మాస్టారికి వద్దని కబురు పెట్టు."

"పిచ్చా నీకు? ముసలాయన నోటికొచ్చింది వాగితే..."

"ఆయన మాట కాదు. నేనడిగాను. చెప్పాడు."

నాయనమ్మ ఏడ్చింది. అమ్మ బతిమాలింది. నాన్న మూడు నాలుగు రోజులు కబురు పెట్టకుండా చూశారు, మనసు మారుతుందేమోనని. మారలేదు. చివరికి దివిసీమ వెళ్ళే ఒక బంధువు చేత చెప్పించారు. చిరక సంగతి చెప్పుకోవడం నామోషీ అనిపించి, "అమ్మాయికి ఇష్టం లేదట" అని మాత్రమే చెప్పమన్నారు. అత్తయ్య మళ్ళీ ద్రాక్ష ముట్టుకోలేదు. ఆ పని పాస్టరుగారి భార్య తీసుకుంది. ఇంకో సంబంధం మాట ఎవరైనా ఎత్తితే అత్తయ్య లేచి బయటికి వెళ్ళిపోయేది.

తరువాత కొన్నేళ్ళకు ఉప్పెన వచ్చింది. దివిసీమలో సముద్రం ఊళ్ళ మీద పడిన సంగతి మా ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దేవదానం మాస్టారి పల్లె తుడుచుకుపోయిందని, ఆయన పోయారని, ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదని బందరుకు తెలిసింది. అన్నం తింటూ ఉండగా ఆ కబురు విన్న నాయనమ్మ, "చూశావా కరుణా! ఆ రోజు రసం చిరకైంది నిన్ను బతికించడానికేనే. ఆ పెళ్ళి జరిగుంటే నువ్వూ పోయేదానివి" అంది. అత్తయ్య ముద్ద కంచంలో పెట్టేసింది.

"మరి ఆ పిల్లో అమ్మా?" అని అడిగింది.

అత్తయ్య లేచి చెయ్యి కడుక్కుంది.

నేను సూక్ష్మజీవుల చదువు చదివి గుడివాడ కాలేజీలో చేరాను. ద్రాక్షారసాన్ని చిరక చేసే బ్యాక్టీరియా గురించి పాఠం చెప్పే రోజు వచ్చినప్పుడల్లా నాకు మా దొడ్లో ఒంపేసిన జాడీ కళ్ళ ముందు ఆడేది. పంచదారను ఆల్కహాలుగా మార్చేది ఒక జీవి, దానికి గాలి అక్కర్లేదు. దాని వెనకాల వచ్చేది ఈ బ్యాక్టీరియా. దీనికి గాలి లేకపోతే ప్రాణం నిలవదు. అందుకే రసం అడుగున ఉండదు, పైకి తేలి, తనే దారాలు అల్లుకుని, పొర కట్టుకుని దాని మీద బతుకుతుంది. మన ఒళ్ళు తిన్నదాన్ని పూర్తిగా కాల్చుకుంటుంది. ఇది ఆల్కహాలును సగమే కాల్చి వదిలేస్తుంది. ఆ సగం కాలినదే పులుపు. మిగతా జీవుల్ని చంపే ఆ పులుపులో ఇది హాయిగా బతుకుతుంది. ఆల్కహాలు అయిపోతే, వీటిలో కొన్ని ఆ పులుపునే మళ్ళీ కాల్చుకుంటాయి. చివరికి మిగిలేది నీళ్ళు. దీన్ని తెచ్చేవి పళ్ళ మీద ముసిరే చిన్న ఈగలు. పిల్లలు ఇదంతా రాసుకునేవాళ్ళు, పరీక్షల్లో మార్కులు తెచ్చుకునేవాళ్ళు. బందరు ఇంట్లో మాత్రం ఆ ఈస్టరు మాట ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

నేను రిటైరవడానికి కొద్దిగా ముందు అత్తయ్య కంటి ఆపరేషన్ చేయించుకుని గుడివాడలో నా దగ్గరే ఉంది. పట్టీలు తీశాక ఆవిడకు అన్నీ చూడాలని కోరిక. "నువ్వు పనిచేసే చోటు చూపించవే సుగుణా" అంటే ఒక శనివారం మధ్యాహ్నం కాలేజీకి తీసుకెళ్ళాను. ప్రయోగశాల తలుపు తీయగానే గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల మీద పిల్లల ప్రాక్టికల్సు కోసం పెట్టిన ద్రాక్షరసం గాజుకుప్పెలున్నాయి, మూతికి దూది కట్టి.

"ఇదే వాసన" అంది.

దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. మీద పొర కట్టి ఉంది. నేను ఆ పొర కొద్దిగా తీసి అద్దం మీద పెట్టి మైక్రోస్కోపులో చూపించాను. కొత్తగా చూపు వచ్చిన కంటితో చాలాసేపు చూసింది.

"ఈ పుల్లల్లా ఉన్నవేనా?"

"అవే అత్తయ్యా."

"ఇవి ఎవరి రసంలో పడాలో ఎలా తెలుస్తుంది వీటికి?"

"తెలియదు. ఎక్కడ గాలి తగిలితే అక్కడ పెరుగుతాయి."

"చేసినవాళ్ళు మంచివాళ్ళయినా?"

"ఎవరైనా."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "ఆ ఏడు నేను సీసాల్లో పొయ్యలేదు కదూ" అంది మెల్లగా. "పోసి బిరడా పెట్టి ఉంటే?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. "చిరక అయ్యేది కాదు" అన్నాను.

పంకా తిరుగుతోంది. కింద మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్న కేకలు వినిపిస్తున్నాయి. అత్తయ్య తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. నా చదువు వల్ల ఆవిడ గుండె మీది బరువు దిగుతుందని నేను అనుకుంటున్నాను. ఆవిడ తల ఎత్తి, "అయితే ఆయన నాతో ఏమీ అనలేదన్నమాట" అంది.

నేను కుప్పె మూతికి దూది సరిచేస్తూ నిలబడ్డాను.

"కాదన్నాడనే అనుకున్నానే ఇన్నేళ్ళూ. కానీ ఒక్కసారన్నా నాతో మాట్లాడాడు కదా అనుకునేదాన్ని."

ఆ తరువాత కొన్ని వారాలు ఆవిడ చర్చికి వచ్చింది గానీ బల్ల దగ్గరికి రాలేదు. పొద్దున లేచి మంచం మీద కూర్చునేది, పెదవులు కదిలేవి కావు. నాకు భయం వేసింది. ఒకరోజు ఉన్నట్టుండి, "నన్ను ఆ ఊరు తీసుకెళ్తావా? మాస్టారి సమాధన్నా ఉందేమో చూసొస్తాను" అంది.

పామర్రులో బస్సు మారి, చల్లపల్లి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి, అవనిగడ్డలో ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. ఊరు ఉప్పెన తరువాత కట్టిన కొత్త ఊరు. తుఫాను షెల్టరు మెట్ల మీద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. దేవదానం మాస్టారి పేరు చెప్పగానే వల పక్కన పెట్టాడు.

"మా అందరికీ అఆలు దిద్దించింది ఆయనేనండీ. ఆ రోజు బడి తలుపులు తీసి కనపడినవాళ్ళనల్లా లోపలికి లాగారు. నీళ్ళు బడినే తీసుకుపోయినయ్యండీ. సమాధేముంటుంది, మనిషి దొరికితే కదా." ఆగి అన్నాడు. "కూతురుంది కదండీ, ఆవిణ్ణి అడగండి. అవనిగడ్డలో బట్టలు కుడుతుంది."

"ఎవరు?" అంది అత్తయ్య.

"ఆయన కూతురేనండీ. కాలు బాగుండదు. సువార్తమ్మ."

అత్తయ్య ఆ మెట్ల మీదే కూర్చుని, ఆ పేరు మళ్ళీ చెప్పమంది. ఆ పెద్దాయన మళ్ళీ చెప్పి, లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

సువార్త ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వీధిగదిలో కుట్టుమిషన్, గోడకు వేలాడుతున్న జాకెట్లు. తల నెరిసిన మనిషి చంకలో కర్ర ఆనించుకుని లేచి, కొలతలివ్వడానికి వచ్చామనుకుని టేపు అందుకుంది. నేను బందరు అని చెప్పగానే టేపు చేతిలోనే ఆగిపోయింది. అత్తయ్య వైపు తిరిగింది.

"మీరు కరుణమ్మగారా?"

"నా పేరు నీకెలా తెలుసమ్మా?"

"నాన్న చెప్పారండి. ఒకావిడ వస్తానని, తరువాత ఇష్టం లేదన్నదని. నా కాలు చూసి వద్దన్నారనుకున్నాను. నాన్న అలా అనలేదులెండి, నాకే అనిపించింది. ఇంకేం కారణముంటుంది?"

అత్తయ్య నా వైపు చూసింది. రసం సీసాల్లో పొయ్యకపోవడం, గాలి, పులుపు, ఈస్టరు రోజు ముసలాయన మాట, అన్నీ నేనే చెప్పాను. సువార్త మిషను మీద చెయ్యి ఆనించి వింది.

"అంతేనా?" అంది.

"అంతేనమ్మా" అంది అత్తయ్య. "నీ కాలు కాదు. ఆ రోజు నువ్వు నా భుజం మీద నిద్రపోయావు. నేను ఆఖరి బస్సు దాకా కదల్లేదు."

సువార్త కళ్ళు తుడుచుకోలేదు, అలాగే ఉండనిచ్చింది. "నాన్న మళ్ళీ ఎవర్నీ చూళ్ళేదండి. ఇంట్లో నన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరని గుడివాడ హాస్టల్లో వేశారు. ఉప్పెనప్పుడు అక్కడే ఉన్నాను" అంది.

"నేను వచ్చుంటే నువ్వు ఇంట్లో ఉండేదానివి" అంది అత్తయ్య.

సువార్త కర్ర సర్దుకుని టీ పెట్టడానికి వెళ్ళింది. తిరిగొచ్చే బస్సులో అత్తయ్య కిటికీలోంచి ఊడ్పులైన చేలు చూస్తూ కూర్చుంది. నాకు ఉండబట్టలేదు. "అత్తయ్యా, దీనికీ అర్థం వెతక్కు. ఆ సూక్ష్మజీవులకేమీ తెలియదు, చెప్పాను కదా" అన్నాను.

"వెతకట్లేదే" అంది. "పిల్ల బతికుంది. అంతే. ఇంకేం అడగను."

ఆ తరువాతి ఆదివారం మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో నేను అడగలేదు. ఆవిడ మళ్ళీ బందరు వెళ్ళిపోయాక, నెలకోసారన్నా సువార్త అక్కడికి వచ్చేది, లేకపోతే అత్తయ్య అవనిగడ్డ వెళ్ళేది. కలిసి కూర్చుని పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు. సువార్త కాజాలు కుడుతుంటే అత్తయ్య గుండీలు కుట్టేది. తల్లీకూతుళ్ళు కావలసినవాళ్ళు ఇద్దరు ముసలాళ్ళయ్యాక కలుసుకుంటే ఏముంటుంది చెప్పుకోవడానికి? నష్టపోయింది ఎంతో వాళ్ళకు తెలుసు. మా ఇంట్లో వాళ్ళు పొద్దున్నే దేవుడితో అంత ధీమాగా మాట్లాడిన రోజులు నాకు ఇప్పటికీ ముద్దుగానే ఉంటాయి. అలా మాట్లాడటం నాకెప్పుడూ చేతకాలేదు. అయినా ఆ ధీమా ఒక మనిషిని ఏం చేసిందో కూడా నేను చూశాను. ఇప్పుడు ఆ రేకు మూత కప్పుల్లో రసం చిరక అవదు, ఎవరి చేతుల్నీ ఎవరూ అనుమానించరు. దాన్ని ఎవరు చేశారో కూడా మాకు తెలియదు.

అత్తయ్యను బందరులో నాయనమ్మ పక్కనే పెట్టాం. పెట్టె దించాక కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు, "కుటుంబ సభ్యులు ముందుకొచ్చి మట్టి వెయ్యండి" అన్నారు. మా తమ్ముడు వేశాడు, వాడి పిల్లలు వేశారు, నేను వేశాను. సువార్త జనం వెనకాల గోడ దగ్గర కర్ర ఆనించుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. పాస్టరుగారు మెల్లగా, "ఈవిడ ఏమవుతారండీ?" అని నన్ను అడిగారు.

"మా అత్తయ్య కూతురండీ" అన్నాను.

సువార్త నా వైపు చూసింది. కర్ర మీద ఆనుకుని ఒంగబోయింది గానీ కాలు సహకరించలేదు. నేను ఒంగి మట్టి తీసి ఆవిడ చేతిలో పెట్టాను.